దొర టోపీలో కోడిగుడ్లు

జాంజిబార్ నుంచి చదువుకున్నవాళ్ళు ఎవరు మా ఉడోంగోనికి వచ్చినా మొదట అడిగేది ఒకటే: "యుద్ధం జరిగిన చోటు ఎక్కడండీ?" యుద్ధమా, నా బొందా! ఇక్కడ యుద్ధం జరగలేదు. ఒక గుంట ఉంది, ఒక టోపీ ఉంది, ఒక మేక ఉండేది. ఆ మేకను తినేశాం. ఈ మాట చెప్పగానే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. బొమ్మ వేసుకోవడానికి ఒక బురుజైనా లేకపోయెనే అని వాళ్ళ బాధ. మొన్న వచ్చిన కళ్ళజోడాయన అయితే "సరిగ్గా గుర్తు చేసుకోండమ్మా, కనీసం ఒక్క ఫిరంగి..." అని నన్ను బతిమాలాడు. ఫిరంగి లేకపోవడం నా తప్పయినట్టు! అందుకే ఇదంతా నేనే రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరొచ్చినా ఈ కాగితాలు చేతిలో పెట్టి నా పని నేను చూసుకుంటాను.

చౌసికు మా అమ్మమ్మకు అక్క. కుండలు చేసేది. మనిషి పొట్టి, నోరు మాత్రం పొడుగు. మట్టి నొక్కీ నొక్కీ ఎడమచేతి బొటనవేలు వెనక్కి వంగిపోయి ఉండేది. ఆ వేలు చూపించి పిల్లల్ని జడిపించేది. మూడు సంతలు తప్ప లోకం ఎరగదు. మా వాళ్ళకు కుమ్మరి సారె లేదు. కుండ కదలదు, కుండ చుట్టూ మనిషే తిరగాలి. అవ్వ నడుం వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, మట్టి చుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయేది. "సరస్సు దాకా బరువులు మోసే మగాళ్ళకంటే నేనే ఎక్కువ నడిచానే. కాకపోతే ఎంత నడిచినా కుండ దగ్గరే ఉన్నాను" అని నవ్వేది.

ఆమె ఆస్తి అంతా కలిపి ఒక్క బంకమట్టి గుంట. రూవు నది ఒడ్డున, మిట్ట వాలులో ఉంది. వాళ్ళమ్మ ఇచ్చింది, వాళ్ళమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. ఆ మట్టితో చేసిన కుండ పొయ్యి మీద పగలదు. పై ఊళ్ళ కుండల్లో పులుసు పెడితే సగం బూడిదే తాగుతుంది. గుంటలోకి మగవాడు అడుగు పెట్టకూడదు. పెడితే ఆ ఏడు కుండలన్నీ పగుళ్ళే. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్నీ, మా అమ్మమ్మనూ, పనికిమాలిన ఒక తమ్ముణ్ణీ ఆ గుంటే సాకింది. గుంట పోతే చౌసికు లేదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పట్నం వాళ్ళకు ఏమీ అర్థం కాదు. మాకూ, పడమటి న్యమ్వేజి వాళ్ళకూ ఉతాని ఉంది. బావామరదళ్ళు ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు కదా, అదే వరస ఒక జాతికి జాతి కలుపుకుంటే ఉతాని. ముత్తాతల కాలంలో ఇద్దరూ కొట్టుకు చచ్చారు. కొట్టుకుని కొట్టుకుని విసుగెత్తి ఎకసెక్కాలకు దిగారు. ఉతాని వాడు తిన్నగా మీ ఇంట్లోకి వచ్చేస్తాడు. "ఈ ఇల్లు నాది, నువ్వు బయటికి నడు" అంటాడు. మీ కోడిని చంకన పెట్టుకుపోతాడు. మీరు వాడి గొడుగు లాక్కోవాలి. ఎంత తిట్టినా, ఏం ఎత్తుకుపోయినా కోపం రాకూడదు. కోపం వచ్చినవాడు ఓడినట్టే, మేక ఇచ్చుకోవాలి. ఇక చావింట్లో చూడాలి వాళ్ళ వేషాలు! తవ్విన గోతిలోకి దిగి పడుకుంటారు. "ఈ గొయ్యి నాది, ఏదైనా ఇస్తేనే లేస్తా" అంటారు. పోయినవాళ్ళ బట్టలు కట్టుకుని వాళ్ళలాగే నడిచి చూపిస్తారు. ఏడ్చేవాళ్ళను నవ్వించడం వాళ్ళ విధి. వాళ్ళు మాత్రం ఏడవకూడదు. ఏడిస్తే దానికీ మేకే.

న్యమ్వేజి వాళ్ళలో కసాండా అని ఒకడు ఏటా బరువులు మోసుకుంటూ సముద్రం వైపు దిగేవాడు. అవ్వకూ వాడికీ పోటీ. ఒక ఏడు వాడు అవ్వ పెళ్ళిబట్ట కట్టుకుని దర్జాగా సంతంతా తిరిగి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు వాడు మా వసారాలో కునుకు తీస్తుంటే అవ్వ సగం గడ్డం గొరిగేసింది. ఆ సగం గడ్డంతోనే బగమోయో రేవు దాకా వెళ్ళాడు పాపం. ఒక్క మాట అనలేదు, మేక ఖర్చు కదా.

సరే, అసలు రోజుకు వద్దాం. మామిడిపళ్ళు అయిపోయి ఎండలు ముదిరిన రోజులు. అవ్వకు అప్పుడు ముప్పై ఏళ్ళుంటాయి. మోకాలి లోతు గుంటలో దిగి మట్టి తవ్వుతోంది. గట్టు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు మట్టి తొక్కుతున్నారు. నది వైపు నుంచి డప్పు వినబడింది. చూస్తే ముందు జెండా, జెండా వెనక ఒక తెల్లదొర, దొర వెనక నలభైమంది తుపాకులవాళ్ళు. దొరకు ఇరవై ఆరేళ్ళు. ముక్కు ఎండకు మాడి పొట్టు రాలుతోంది. నెత్తిన గంపంత తెల్ల టోపీ. పేరు క్రాంజ్ అని తర్వాత తెలిసింది. ఏదో కంపెనీ తరఫున వచ్చాడు. తుపాకులవాళ్ళందరూ పడమటి వాళ్ళే. వాళ్ళకు పెద్ద ఎవరయ్యా అంటే, గడ్డం మళ్ళీ పెంచుకున్న మన కసాండా.

క్రాంజ్ తిన్నగా గుంటలోకి దిగాడు, బూట్లతో సహా. జెండా కర్రను గుంట నడిమధ్య గుచ్చాడు. కాగితం విప్పాడు. మా భాష ఓడలో వస్తూ వస్తూ పుస్తకం చూసి నేర్చుకున్నాడట. ఆ పుస్తకం రాసినవాడు జన్మలో ఎవరితోనూ మాట్లాడి ఉండడని నా అనుమానం.

"ఓ జనులారా! ఆలకింపుడు! నేటినుండి ఈ మిట్టయు, ఈ నదియు, ఈ వృక్షములును, వీనియందలి సమస్తమును మా కంపెనీవారి సొత్తు. ఇచ్చట కోట కట్టబడును."

ఆడవాళ్ళు అవ్వ మొహం చూశారు. అవ్వ క్రాంజ్ మొహం చూసింది. ఊళ్ళోకి వచ్చి, నీ గుంటలో దిగి, ఇదంతా నాదే అంటే ఏమనుకోవాలి? మా ఊళ్ళో పుట్టిన ఎవరైనా ఒకటే అనుకుంటారు. అవ్వా అదే అనుకుంది. పార పక్కన పడేసి పడీ పడీ నవ్వింది.

"ఏమయ్యోయ్, ఎర్రముక్కు బావా! ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా? మా ముత్తాత మీ ముత్తాతను ఎక్కడ తన్నాడో చెప్పు, వరస కలుపుకుంటా."

"ఓ స్త్రీ! నీవు ఈ గుంటనుండి వెడలుము."

"వెడలుతానులే. కోట కట్టుకో నాయనా, మట్టి నేనే తొక్కి పెడతా. మరి ఈ టోపీ నాది" అంటూ ఎగిరి అతని నెత్తిమీది టోపీ లాగేసింది. అందులో దోసెడు బంకమట్టి వేసి గట్టు మీద పెట్టింది.

"నా టోపీని తక్షణమే మరల నిమ్ము!"

"నా మిట్ట ఇవ్వు, నీ టోపీ పట్టుకుపో."

గట్టు మీద ఆడవాళ్ళు "న్యాయం, న్యాయం!" అన్నారు. ఒకామె దొర చేతిలో కాగితం లాక్కుని విసురుకోవడం మొదలుపెట్టింది. ఇంకొకామె తుపాకులవాళ్ళ దగ్గరికి వెళ్ళి తూటాల పటకా విప్పుకుని తన నడుముకు కట్టుకుంది. ఆ తుపాకులవాడు కిచకిచా నవ్వాడే గాని కదల్లేదు. కదిలితే కోపం వచ్చినట్టు లెక్క. క్రాంజ్ మొహం ముక్కు రంగులోకి తిరిగింది. కాలు నేలకేసి కొట్టాడు. బంకమట్టిలో కొట్టిన కాలు ఇక పైకి రాలేదు.

"కోపమొచ్చింది! కోపమొచ్చిందోయ్! మేక! మేక!" అని మిట్టంతా ఒకటే గోల.

"కాల్చుడు!" అని అరిచాడు క్రాంజ్.

నలభైమందీ కసాండా వైపు చూశారు. కసాండా తల గోక్కున్నాడు.

"కాల్చకూడదు దొరా. తమరే గదా మొదలెట్టారు?"

"నేనేమి మొదలిడితిని?"

"ఇంటికొచ్చి ఇదంతా నాదే అనలేదా? అది ఉతాని మాటే గదండీ. వరస కానివాడు అట్టా అంటాడా ఎక్కడైనా? వాడికి బుర్రుందనుకోవాలా, లేదనుకోవాలా? పైగా ఈమె మా మరదలు. ఈమెను కాలిస్తే మా అమ్మ నాకు సంకటి కూడా పెట్టదు."

అప్పుడు క్రాంజ్ తన పిస్తోలు తీశాడు. కాలు ఇరుక్కున్నా చెయ్యి ఇరుక్కోలేదు కదా. తిన్నగా అవ్వ గుండెకు గురి పెట్టాడు. నవ్వులు ఆగిపోయాయి. విసురుకునే ఆవిడ చేతిలో కాగితం ఆగిపోయింది. మా అమ్మమ్మ అక్కడే ఉంది. ఆ క్షణంలో నదిలో నీళ్ళ చప్పుడు వినబడిందని చెప్పేది.

అవ్వ కాసేపు అతని కళ్ళలోకి చూసింది. తర్వాత ఏం చేసిందనుకున్నారు? జెండా కర్ర మొదట్లో, ఆ మట్టిలో వెల్లకిలా పడుకుంది. చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుంది.

"కాల్చు బావా. గొయ్యి తవ్వే ఉంది, నీకూ శ్రమ లేదు. కాకపోతే ఒక్క మాట. నేను చస్తే నన్ను పూడ్చకముందు నా గోతిలో ఎవడు పడుకోవాలి? ఉతాని వాడు పడుకోవాలి. అంటే నువ్వే. మరి నేను ముందే పడుకున్నాను గదా, ఎట్టా? కాస్త జరుగుతాలే, రా. బూట్లు విప్పి రా."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. కసాండాయే అని మా అమ్మమ్మ అనేది. ఒక్కసారిగా మిట్టంతా పకపకలు. తుపాకులవాళ్ళు తుపాకులు నేలన పెట్టి పొట్టలు పట్టుకున్నారు. ఒకడు నవ్వలేక చెట్టుకు చేరగిలబడ్డాడు. క్రాంజ్ అలాగే పిస్తోలు పట్టుకుని నిలబడ్డాడు. నడినెత్తిన సూర్యుడు. నెత్తిన టోపీ లేదు. అప్పటికి మూడు రోజులుగా ఒంట్లో జ్వరం ఉంది, ఎవరికీ చెప్పలేదట. పిస్తోలు మెల్లగా కిందికి వాలింది. పిస్తోలు వెనకాలే అతనూ వాలాడు, తిన్నగా అవ్వ పక్కన.

"చూశారా, పిలవగానే వచ్చాడు" అంది అవ్వ.

ఉతాని వాడికి జబ్బు చేస్తే చూసుకోవాల్సింది మనమే. అదీ రివాజే. అవ్వ అతణ్ణి ఇంటికి మోయించి, నలభై రోజులు గంజి తాగించింది. గిన్నెకొక తిట్టు ఉచితం. నాలుగో రోజున కళ్ళు తెరిచి "నేనెచ్చట నున్నాను?" అన్నాడట. "నీ రాజ్యంలోనే ఉన్నావు నాయనా, పడుకో" అంది అవ్వ. ఆ ఏడు నిజంగానే కుండలన్నీ పగుళ్ళిచ్చాయి. ఒక్కొక్క పెంకూ తెచ్చి అతని మంచం పక్కన పేర్చేది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఇదంతా నీ బూట్ల పుణ్యం, లెక్కపెట్టుకో" అనేది. ఆ పెంకులు చూసి అతను మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

లేచి తిరగడం మొదలుపెట్టాక కసాండా వచ్చి మేక సంగతి ఎత్తాడు.

"మేక యెందులకు?"

"తమరికి కోపం వచ్చింది గదా?"

"వచ్చినది."

"మరి?"

"ఇది మీ చట్టమా?"

"చట్టమే దొరా."

"చట్టమైనచో చెల్లించెదను" అని సంతకు వెళ్ళి మేకను కొని తెచ్చి అవ్వ గుమ్మానికి కట్టాడు. వాళ్ళ దేశంలో చట్టమంటే చాలు, ఎండలో నిలబడమన్నా నిలబడతారట. మేకను ఇచ్చాడంటే వరస ఒప్పుకున్నట్టే. వరస ఒప్పుకున్నాక ఆమె మీదికి తుపాకీ ఎత్తకూడదు. ఈ రెండో ముక్క మేకను తిన్న తర్వాత చెప్పాడు కసాండా. "మరి కోట?" అని అడిగాడు క్రాంజ్, పులుసు గిన్నె చేతిలో పట్టుకుని. "కట్టుకో బావా, మీ ఊళ్ళో" అంది అవ్వ.

తర్వాత జరిగిందానికి అవ్వ బాధ్యత లేదు. కసాండా నోరే కారణం. నలభైమందితో పడమటికి తిరిగి వెళ్తూ, దారిలో ప్రతి మజిలీలోనూ తెల్లవాళ్ళు కూడా మన ఉతాని వాళ్ళేనని చాటేశాడు. ఆ ఏడు, ఆ మరుసటి ఏడు ఎన్ని జెండాలు వచ్చాయో! ఏ ఊళ్ళో జెండా పాతినా జనం నవ్వుతూ ఎదురొచ్చి టోపీ లాక్కునేవాళ్ళు. జెండా గుడ్డ మంచిది, పసిపిల్లల పక్కల్లోకి బాగా పనికొచ్చింది. తుపాకులు దొరలవే కాని పట్టుకున్న చేతులు మనవి. ఆ చేతులు నవ్వాపుకోలేక పొట్టల మీద ఉండేవి. అన్నిచోట్లా నవ్వులే అని అబద్ధం చెప్పను. పైన ఒక ఊళ్ళో ఒక దొర నిజంగానే కాల్చాడు. ఇద్దరు పోయారు. ఆ మర్నాటి నుంచి అతనితో ఎవరూ పరాచికాలాడలేదు. అసలు మాటే ఆడలేదు. నీళ్ళ చోటు చెప్పలేదు, ఉప్పు అమ్మలేదు, పెట్టె మొయ్యలేదు. అతను తన పెట్టె తనే నెత్తిన పెట్టుకుని సముద్రం దాకా నడిచాడని, దారి పొడుగునా ఒక్క మనిషి కూడా అతణ్ణి చూసి నవ్వలేదని చెబుతారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

వాళ్ళ దేశంలో పెద్దలందరూ బల్ల చుట్టూ కూర్చుని మన నేలను గీతలు గీసి పంచుకున్నారట. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ గీతల పటం ఒకటి క్రాంజ్ దగ్గర ఉండేది. ఇల్లు కురిస్తే చూరు కింద కట్టాడు. కంపెనీ మూతబడింది. అతను మాత్రం వెళ్ళలేదు. సూదులూ, దారాలూ, దీపం వత్తులూ అమ్ముకుంటూ మామిడి తోపు దగ్గర ఉండిపోయాడు. మా ఊరి పిల్లనే చేసుకున్నాడు. ఏలడానికి వచ్చినవాణ్ణి ఆవిడ ఏలుకుంది.

అవ్వ పనికిమాలిన తమ్ముడు ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరి వాళ్ళ దేశం చూసొచ్చాడు. వరస కదా అని, ఓడ దిగగానే ఊరి నడుమ మా ఆడవాళ్ళు చుట్టుకునే కాంగా గుడ్డ ఒకటి కర్రకు కట్టి పాతి, "ఈ ఊరు మా అక్కది" అని చాటాడట. ఎవరూ నవ్వలేదు. మూడు రోజులు జైలు కొట్లో పెట్టారు. వచ్చి ఈ సంగతి చెబితే అవ్వ చాలాసేపు జాలిపడింది. "పాపం, వాళ్ళకు బావలూ మరదళ్ళూ లేరు కాబోలురా" అంది.

అవ్వ ఆ టోపీ తిరిగి ఇవ్వలేదు. మట్టి దులిపి వసారాలో ఒక మూల పెడితే కోళ్ళకు నచ్చింది. నలభై ఏళ్ళలో దాంట్లో ఎన్ని తరాల కోళ్ళు పొదిగాయో. ప్రతి ఏడూ ఎండలు ముదిరాక క్రాంజ్ గుంట గట్టు మీదికి వచ్చి నిలబడేవాడు. లోపలికి మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడుగు పెట్టలేదు. "ఏయ్ చౌసికూ, నా మిట్ట ఖాళీ చెయ్యవే" అనేవాడు. అప్పటికి పుస్తకం భాష పోయి మా యాస వచ్చేసింది. "నీ టోపీలో కోడి పొదుగుతోంది బావా, పిల్లలు లేచాక చూద్దాం" అనేది అవ్వ. ఇదే మాట ఏటా. మాకు వినీ వినీ కంఠస్థమైనా ఏటా నవ్వేవాళ్ళం.

నాకు పని నేర్పుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అడిగాను. "అవ్వా, ఆయన పిస్తోలు పెడితే భయం వెయ్యలేదా? ఆట అని నీకు అంత నమ్మకమా?"

అవ్వ మట్టి చుట్ట చేస్తూ చేస్తూ ఆగింది. చుట్టూ చూసింది.

"ఎవరన్నారే ఆట అని? మొదట అనుకున్నాను, నిజమే. టోపీ లాక్కున్నప్పుడు కూడా అనుకున్నాను. ఆ కళ్ళు చూశాక తెలిసింది, వాడు ఆటకు రాలేదని. నన్ను చంపుతాడు, గుంట తీసుకుంటాడు. పిల్లలు అడుక్కుతింటారు. కాళ్ళు వణికాయే. నిలబడలేక పడుకున్నాను. పడుకున్నాక, ఇక చేసేదేముంది, ఆట ఆపకూడదు అనుకున్నాను. ఆటాగిందా, గుంట పోయిందన్నమాటే."

"మరి నలభై ఏళ్ళుగా..."

"ఆడుతూనే ఉన్నాను. ఎప్పుడో మధ్యలో అది నిజం ఆటే అయిపోయింది, ఎప్పుడో తెలియలేదు. వాడికి మాత్రం చెప్పకు. ఆటేనని నేను నమ్మాననుకునే వాడు మనిషయ్యాడు." వంకర బొటనవేలు నా మొహం ముందు ఆడించింది. "చెప్పావో, ఈ వేలు నీకు అతికిస్తా."

ఆ తర్వాత వానల్లో అవ్వ పోయింది. జబ్బు లేదు, గిబ్బు లేదు. ఒక కుండ అంచు తిప్పి, కాసేపు పడుకుంటానంది, మరి లేవలేదు. గుంటకు పైన, మిట్ట మీదే గొయ్యి తవ్వించాం. అప్పటికి కసాండా లేడు. పడమటి వాళ్ళకు కబురు అందాలంటే నెల పడుతుంది. శవాన్ని తెచ్చాం, అందరం ఏడుస్తున్నాం, గోతిలో పడుకునేవాడు ఎవడూ లేడు. ఉతాని వాడు పడుకోకుండా పూడిస్తే అది చావా, చెత్త పారబోయడమా? మా అమ్మ అదే అని గుండెలు బాదుకుంది.

అప్పుడు వచ్చాడు క్రాంజ్. అరవై ఏడేళ్ళు. మోకాళ్ళు వంగవు. అవ్వ పాత కాంగా చుట్టుకున్నాడు, నడుం వంచి వెనక్కి వెనక్కి నడుస్తూ, లేని కుండ చుట్టూ తిరుగుతూ వచ్చాడు. అచ్చం అవ్వే. ఏడుస్తున్న మా అమ్మకు ఎక్కిళ్ళ మధ్య నవ్వొచ్చింది. గోతి దగ్గరికొచ్చి బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ముగ్గురు పట్టుకుని దించితే దిగి, వెల్లకిలా పడుకున్నాడు.

"ఈ గొయ్యి నాది! నలభై ఏళ్ళ కిందటే కాగితం చదివాను, ఒక్కడు విన్నాడా? ఈ మిట్ట నాది, మట్టి నాది. నేను లేవను పోండి!"

"కోడినిస్తాం, లే తాతా" అన్నారెవరో.

"కోడెందుకు నాకు, అరవడానికి మా ఆవిడుందిగా!"

"కుండనిస్తాం."

"ఈవిడ కుండలు మా ఇంట్లో పదకొండున్నాయి. ఒక్కటీ పగిలి చావదు. ఇంకొకటి పెట్టడానికి చోటేదీ?"

ఏడుపులు ఆగి అందరూ నవ్వుతున్నారు. ఏమిచ్చినా లేవడం లేదు. నాకు అర్థమైంది. ఇంటికి పరిగెత్తాను. టోపీలో కోడి పొదుగుతోంది. లేపబోతే చెయ్యి పొడిచింది. గుడ్లు బుట్టలోకి మార్చి, టోపీ తెచ్చి గోతిలోకి అందించాను. క్రాంజ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచుల్లో గడ్డి, లోపల అంటుకున్న పెంకు ముక్కలు, అడుగున ఎండిపోయిన బంకమట్టి కొంచెం. అలాగే నెత్తిన పెట్టుకున్నాడు.

"ఇక లేస్తా" అన్నాడు. చెయ్యి అందించాను. పైకి వచ్చాక నా చెయ్యి వదల్లేదు. నాకొక్కదానికే వినబడేలా అన్నాడు: "ఆ రోజు పిస్తోలులో ఆరు గుళ్ళున్నాయమ్మా. నేను ఆటకు రాలేదు. మీ అవ్వకు తెలుసా ఆ సంగతి? నీకెప్పుడైనా చెప్పిందా?"

వంకర బొటనవేలు నా కళ్ళ ముందు ఆడింది.

"ఏ సంగతి తాతా? నువ్వు వచ్చిందే ఆటకు గదా. అవ్వ ఎప్పుడూ అదే చెప్పేది."

నమ్మాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. గడ్డి వేలాడుతున్న ఆ టోపీ కింద నుంచి కన్నీళ్ళు కారాయి. ముందు మెల్లగా, తర్వాత వెక్కి వెక్కి, ఊరందరి ముందూ.

"ఏడ్చాడోయ్! ఉతాని వాడు ఏడ్చాడు! మేక! మేక!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అరిచిన గొంతు కూడా ఏడుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే నేను గుంటలో మట్టి తవ్వుతుంటే మేకను తోలుకుని వచ్చాడు. గట్టు మీద ఆగి, లోపలికి అడుగు పెట్టకుండా, వంగి తాడు నా చేతికి ఇచ్చాడు.